ఇప్పుడు ఎవరి చేతిలో ఉంది? పాత నాటకాల్లో మనుషుల్నీ సంకేతాల్నీ చదివే పద్ధతి

పాత నాటకమో కావ్యమో చదవడం మొదలుపెట్టిన వాళ్లు నన్ను తరచూ అడిగే ప్రశ్న ఒకటుంది: "ఇందులో ఉంగరం దేనికి సంకేతం? రుమాలు దేనికి సంకేతం?" ప్రేమకు, నమ్మకానికి, విధికి అని ఒక్క మాటలో జవాబు చెప్పేయొచ్చు. కానీ అలా చెప్పేశాక ఆ నాటకంలో వెతకడానికి ఇంకేమీ మిగలదు. అందుకని ఆ ప్రశ్నను కాసేపు పక్కన పెట్టించి, ముందు ఇంకోటి అడగమంటాను: ఆ వస్తువు ఇప్పుడు ఎవరి చేతిలో ఉంది?

ఈ అలవాటు నాకు తెర వెనక నుంచి వచ్చింది. నాటక సమాజంలో చాలా ఏళ్లు ప్రాపర్టీల పని, అంటే రంగం మీద వాడే వస్తువుల పని, చూసుకున్నదాన్ని. నటులు తమ డైలాగుల గురించి, దర్శకుడు భావం గురించి ఆలోచిస్తుంటే, ఏ రంగంలో ఏ వస్తువు ఏ వింగులోంచి ఎవరి చేతిలో లోపలికి వెళుతుంది, ఎవరి చేతిలో బయటికి వస్తుంది అన్నది నేను రాసుకునేదాన్ని. ఆ పట్టీ పూర్తయ్యేసరికి నాటకం సగం అర్థమయ్యేది. ఇప్పుడు కొత్త నటులతోనూ, నాటకాలు చదువుకునే పిల్లలతోనూ కూర్చున్నప్పుడు కూడా మొదట ఆ పట్టీయే రాయిస్తాను.

పట్టీ రాయడం

మొదటిసారి కథ కోసం చదవండి. పెన్సిల్ ముట్టుకోవద్దు. రెండోసారి చదివేటప్పుడు ఒక కాగితం మీద మూడు గళ్లు గీయండి. మొదటి గడిలో వస్తువు పేరు, రెండో గడిలో అది ఎవరి నుంచి ఎవరికి వెళ్లింది, మూడో గడిలో ఆ క్షణాన ఆ మనిషికి ఏం కావాలి. మూడో గడి నింపడం కష్టం. అసలు పని అక్కడే ఉంది.

షేక్‌స్పియర్ 'ఒథెల్లో'లో రుమాలు తీసుకోండి. ఒథెల్లో తల నొప్పిగా ఉందంటే భార్య డెస్డిమోనా రుమాలుతో నుదుటికి కట్టు కట్టబోతుంది. ఆమెకు కావలసింది అతని బాధ తగ్గడం. "ఇది చిన్నది, వదిలెయ్" అంటాడతను. రుమాలు కింద పడుతుంది, ఇద్దరూ పట్టించుకోకుండా వెళ్లిపోతారు. ఆమె పరిచారిక ఎమీలియా దాన్ని తీస్తుంది, మొగుడు ఇయాగో ఎప్పటినుంచో అడుగుతున్నాడు కాబట్టి. ఎమీలియాకు కావలసింది అతని దగ్గర ఒక మంచి మాట. ఇయాగోకి కావలసింది, డెస్డిమోనాకు కాసియోతో సంబంధం ఉందని ఒథెల్లోను నమ్మించే సాక్ష్యం. అతను తీసుకెళ్లి కాసియో గదిలో పడేస్తాడు. కాసియోకి అది ఎవరిదో తెలియదు, మీద కుట్టిన పని నచ్చింది, అలాంటిదే ఇంకోటి చేసిపెట్టమని తన ప్రియురాలు బియాంకాకి ఇస్తాడు. బియాంకా అది ఇంకెవరో ఆడది ఇచ్చిన కానుక అనుకుని కోపంతో తిరిగిచ్చేస్తుంది. దూరంగా నిలబడి ఒథెల్లో అదంతా చూస్తున్నాడు.

ఇప్పుడు మూడో గడి ఒక్కసారి పైనుంచి కిందికి చదవండి. ఇంతమందిలో రుమాలును హత్యకు ఆయుధంగా చూసినవాడు ఒక్కడే. మిగతావాళ్లందరూ తమ తమ చిన్న కోరికల కోసం దాన్ని పట్టుకున్నారు. ఆ చిన్న కోరికలన్నీ కలిసి డెస్డిమోనా ప్రాణం తీశాయి. "రుమాలు నమ్మకానికి సంకేతం" అన్న వాక్యంలో ఇదేదీ లేదు. ఇంకో సంగతి: అది కింద పడింది ఒథెల్లో కళ్లముందే, అతను వద్దన్నందుకే. తర్వాత అదే రుమాలు ఎక్కడుందని భార్యను నిలదీస్తాడు. అతను చేత్తో తోస్తే పడిందా, ఆమె వేళ్లలోంచి జారిందా అన్నది ప్రతి దర్శకుడూ తేల్చుకోవాల్సిందే. తోశాడంటే ఒక ఒథెల్లో, జారిందంటే ఇంకో ఒథెల్లో. చదివేవాళ్లూ అక్కడ ఆగి తేల్చుకోవాలి.

కాళిదాసు 'అభిజ్ఞాన శాకుంతలం'లో ఉంగరం దగ్గర నేను ఎక్కువసేపు ఆగుతాను, ఎందుకంటే అందరికీ ఆ కథ తెలుసు, దాదాపు అందరూ ఉంగరం పోయిందని 5వ అంకంలో తెలిసిన దగ్గర్నుంచే మొదలుపెడతారు. పట్టీ రాస్తే అది 1వ అంకంలోనే కనబడుతుంది. శకుంతల వెళ్లిపోబోతే ప్రియంవద ఆపుతుంది: నాకు రెండు చెట్లకు నీళ్లు పోయాల్సిన బాకీ ఉన్నావు, తీర్చి వెళ్లు అని. అక్కడే ఉన్న దుష్యంతుడు తానెవరో ఇంకా చెప్పలేదు. ఆ బాకీ కింద తన ఉంగరం ఇవ్వబోతాడు. చెలికత్తెలు దాని మీద పేరు చదివి ఒకరి మొహం ఒకరు చూసుకుంటారు. అతను వెంటనే సర్దుకుని, ఇది రాజుగారు ఇచ్చింది అంటాడు. అలాగైతే ఈ ఉంగరం మీ వేలికి దూరం కాకూడదు, మీ మాటతోనే ఆమె బాకీ తీరిపోయింది అంటుంది ప్రియంవద.

ఎంత పెద్ద సంగతి ఇది! తర్వాత గుర్తుపట్టడానికి ఆధారమయ్యే ఉంగరం, మొదటిసారి రంగం మీదకి వచ్చినప్పుడు ఒక మనిషి తానెవరో దాచుకోవడానికి సాయపడింది. ఆ తర్వాత అది శకుంతల వేలికి వెళుతుంది. నా పేరులో అక్షరాలు రోజుకొకటి చొప్పున లెక్కపెట్టుకో, చివరి అక్షరం వచ్చేసరికి నిన్ను తీసుకెళ్లేవాళ్లు వస్తారని చెప్పి తొడిగానని 6వ అంకంలో రాజే చెప్పుకుంటాడు. శచీతీర్థంలో నీళ్లకు మొక్కుతుండగా జారిపోతుంది, చేప కడుపులోంచి జాలరికి దొరుకుతుంది, భటులు అతన్ని దొంగగా పట్టుకుంటారు, చివరికి రాజు చేతికి వస్తుంది. 7వ అంకంలో అన్నీ సర్దుకున్నాక రాజు దాన్ని మళ్లీ ఆమెకు తొడగబోతే శకుంతల ఒప్పుకోదు. దీన్ని నేను నమ్మను, మీరే ఉంచుకోండి అంటుంది.

రాజును క్షమించింది, ఉంగరాన్ని మాత్రం తిరిగి తీసుకోలేదు. ఆ ఒక్క తిరస్కారంలో ఆమె పడిన బాధ ఎంతో తెలుస్తుంది. ఉంగరం ప్రేమకు సంకేతం అని ముందే రాసేసుకున్నవాళ్లకు ఈ మాట కనబడదు. కనబడినా మర్యాదకు అన్నదిలే అని దాటేస్తారు.

ఇక్కడ ఇంకో పని కూడా చేయండి. కవి ఈ కథను ఎక్కడ నుంచి తీసుకున్నాడో, ఏం మార్చాడో చూడండి. వ్యాసభారతంలో శకుంతల కథలో ఉంగరం లేదు, దుర్వాసుడి శాపమూ లేదు. నన్నయ ఆదిపర్వంలోనూ లేవు. అక్కడ దుష్యంతుడికి అంతా గుర్తుంది, గుర్తుండే కాదంటాడు. శకుంతల చేతిలో ఏ వస్తువూ లేదు కాబట్టి మాటనే ఆధారం చేసుకుని, "నుతజల పూరితంబులగు" అంటూ సత్యం ఎంత గొప్పదో నిండు సభలో వినిపిస్తుంది. చివరికి అశరీరవాణి సాక్ష్యం చెబుతుంది. ఆ శకుంతల వాదించి నిలబడింది, కాళిదాసు శకుంతల ఉంగరం కోసం వేలు తడుముకుంది. పేరు ఒక్కటే అయినా మనుషులు ఇద్దరు. పాత రాసినదానికీ కొత్తదానికీ మధ్య ఏదైనా వస్తువు కొత్తగా చేరితే, అది చేరడం వల్ల ఎవరికి మాట పోయింది, ఎవరి తప్పు తేలికైంది అని అడగండి.

శాపం వల్ల రాజు నిర్దోషి అయిపోయాడని చాలామంది అంటారు. కాళిదాసు అతన్ని అంత తేలిగ్గా వదిలిపెట్టలేదని నా నమ్మకం. 5వ అంకం మొదట్లో, శకుంతల ఇంకా సభకు రాకముందే, లోపల రాణి హంసపదిక పాడుతుంది: మామిడి పూగుత్తిని అంతగా ముద్దాడిన తుమ్మెదా, తామరలోకి చేరగానే దాన్ని ఎలా మరిచావని. ఒకప్పుడు ఈమెను ప్రేమించాను, ఇప్పుడిలా దెప్పుతోందని రాజే విదూషకుడికి చెబుతాడు. ఈ మరపుకు ఏ ముని శాపమూ లేదు. ఆ చిన్న పాటను ఇంకెక్కడో కాకుండా సరిగ్గా శకుంతల రాకకు ముందు పెట్టడం ఊరికే జరిగింది కాదు.

ఏది సంకేతం, ఏది కాదు

పట్టీలో ఎక్కిన ప్రతిదీ సంకేతం కాదు. తాగడానికి తెచ్చిన మంచినీళ్లు చాలాసార్లు మంచినీళ్లే. నేను చూసేవి రెండు. వస్తువు చేయి మారినప్పుడు దాని అర్థం కూడా మారుతోందా? దాన్ని తీసేస్తే కథ నడుస్తుందా? మొదటిదానికి అవునని, రెండోదానికి కాదని జవాబు వస్తే దాని దగ్గర ఆగండి.

ఎన్నిసార్లు వచ్చిందన్నది నమ్మదగ్గ కొలత కాదు. శూద్రకుడి 'మృచ్ఛకటికం' 10 అంకాల నాటకం. పేరుకే మట్టిబండి, అది ప్రధానంగా కనబడేది 6వ అంకంలో ఒక్క రంగంలో. పేద బ్రాహ్మణుడు చారుదత్తుడి కొడుకు రోహసేనుడు పక్కింటి పిల్లాడి బంగారు బండి కావాలని ఏడుస్తుంటే, దాసి రదనిక మట్టిబండి చేసి ఇస్తుంది. వాడు ఊరుకోడు. చారుదత్తుడిని ప్రేమించిన గణిక వసంతసేనను చూపించి ఈమె నీకు అమ్మ అవుతుందంటే, అమ్మయితే ఇన్ని నగలు ఎందుకు పెట్టుకుందని అడుగుతాడు. ఆమె ఏడుస్తూ నగలన్నీ తీసి ఆ మట్టిబండిలో పోసి, బంగారు బండి చేయించుకో అంటుంది. 9వ అంకంలో న్యాయస్థానంలో విదూషకుడి దగ్గర నుంచి ఆ నగలే కింద పడతాయి, చారుదత్తుడు ఆమెను చంపి దోచాడనడానికి అవే సాక్ష్యమవుతాయి. దయతో ఇచ్చినది మరణశిక్షకు కారణమైంది. బండి ఒక్కసారే కనిపించినా నాటకానికి దాని పేరే పెట్టడం ఎంత సరైనదో అప్పుడు అర్థమవుతుంది.

కొన్ని సంకేతాలు చేతిలో ఇమిడేవి కావు, ఎవరి అధీనంలో ఉన్నాయన్నదే వాటి అర్థం. ఇబ్సెన్ 1879లో రాసిన 'బొమ్మరిల్లు' నాటకంలో ఉత్తరాల పెట్టె ఇంట్లోనే ఉంది, తాళంచెవి మాత్రం భర్త హెల్మర్ దగ్గరే. చివరి అంకంలో అతనికి ఆ తాళంలో విరిగిన తలపిన్ను దొరుకుతుంది. ఇది నీదే అంటాడు. పిల్లల పని అయి ఉంటుందంటుంది భార్య నోరా. ఇంటిదాని తలపిన్నుకి తన ఇంట్లో ఉత్తరాల పెట్టె తెరుచుకోలేదు. ఆమె చివర్లో గడప దాటి వెళ్లడం గురించి అందరూ మాట్లాడతారు. నేనైతే ముందు ఆ పిన్ను గురించి మాట్లాడమంటాను.

లేని వస్తువుల్నీ పట్టీలో చేర్చండి. షేక్‌స్పియర్ నాటకంలో మాక్‌బెత్ రాజును చంపబోతూ గాలిలో చూసే కత్తిని నేను ఎప్పుడూ సమకూర్చాల్సిన పని లేదు, కానీ అది పట్టీలో ఉండాలి. అలాగే హత్య జరిగిన రాత్రి కొంచెం నీళ్లతో ఇదంతా కడిగేసుకోవచ్చని ధైర్యం చెప్పిన లేడీ మాక్‌బెత్, 5వ అంకంలో నిద్రలో నడుస్తూ నీళ్లు లేకుండానే చేతులు రుద్దుకుంటుంది. రాత్రంతా పక్కన దీపం ఉండాలన్నది ఆమె ఆజ్ఞ అని పరిచారిక చెబుతుంది. ఆ దీపం పక్కనే, 1వ అంకంలో చీకటిని రమ్మని పిలిచింది కూడా ఆమెనే అని రాసుకోండి.

మనుషుల్ని చదవడం

పాత్ర స్వభావం రాయమంటే విశేషణాలు రాస్తారు: మంచివాడు, మోసగాడు, అమాయకురాలు. విశేషణాలు కొట్టేసి, ఆ మనిషి ఎవరి దగ్గర ఎలా మాట్లాడుతున్నాడో గుర్తుపెట్టండి. ఇందుకు మనకు 'కన్యాశుల్కం' కంటే మంచి బడి లేదు. ఇది మొదట 1892లో ప్రదర్శించారు, గురజాడ దీన్ని బాగా పెంచి తిరగరాసిన రూపం 1909లో వచ్చింది. మనం మామూలుగా చదివేది ఆ రెండోదే. ఏ పాత రచనకైనా చేతిలో ఉన్నది ఏ రూపమో ముందు చూసుకోవడం మంచిది.

గిరీశం వెంకటేశం దగ్గర గురువు, బుచ్చమ్మ దగ్గర వితంతు వివాహాల సంస్కర్త, అగ్నిహోత్రావధాన్ల దగ్గర కోర్టు కాగితాలు తెలిసిన ఉపయోగపడే మనిషి, సౌజన్యారావు పంతులు దగ్గర ఆదర్శాలున్న యువకుడు. అతను ఒంటరిగా మాట్లాడిన చోట్లకు వేరే రంగు పెన్సిల్‌తో గీత గీయండి. నాటకం మొదలయ్యేదే అలాంటి మాటతో: పూటకూళ్లమ్మకు సామాను కొనిపెడతానని తీసుకున్న 20 రూపాయలు మధురవాణికి ఖర్చుపెట్టేశానని. ఎవరూ అడగకుండా, ఎవరూ లేనప్పుడు అతను నిజం చెప్పాడు. ఆ మొదటి మాట గుర్తుంచుకుని తర్వాతి ఉపన్యాసాలన్నీ చదవాలి. అయితే ఒంటరిగా మాట్లాడినదంతా నిజమనీ అనుకోకూడదు. ఒథెల్లో మీద పగకు ఇయాగో ఇంకొకరితో మాట్లాడేటప్పుడు పదవి దక్కలేదంటాడు, ఒంటరిగా ఉన్నప్పుడు ఒథెల్లోకి తన భార్యతో సంబంధం ఉందని అనుమానం అంటాడు. తనకు తానే కారణాలు వెతుక్కుంటున్న మనిషి అతను.

మధురవాణిని చదవాలంటే ఆమె వదులుకున్నది చూడండి. సౌజన్యారావు వేశ్యల మొహం చూడనన్న మనిషి. ఆమె మగవేషంలో అతని ఇంటికి వెళుతుంది, తానెవరో బయటపెట్టాక తాను చేసే సాయానికి బదులుగా ఒక ముద్దు అడుగుతుంది. అతను తన వ్రతానికీ ఇంకొకరి మేలుకూ మధ్య నలిగిపోతుంటే ఆమే వెనక్కి తగ్గుతుంది, చెడని వాళ్లని చెడగొట్టొద్దని తన తల్లి చెప్పిందంటుంది. అడిగే అధికారం చేతిలో ఉండి వదిలేసింది. నా దృష్టిలో ఆ నాటకంలో అందరికంటే పెద్దమనిషి ఆమే.

అదే నాటకంలో ఇంకో వేషం ఉంది. కరటకశాస్త్రి తన శిష్యుడికి ఆడపిల్ల వేషం వేసి లుబ్ధావధాన్లకు పెళ్లికూతురిగా అంటగడతాడు. రెండు వేషాల్నీ పక్కపక్కన పెట్టండి. లుబ్ధావధాన్లు బేరం చూశాడు, పిల్లని చూడలేదు, అందుకే మోసపోయాడు. మధురవాణి కులవృత్తి తెలియకపోవడం వల్ల సౌజన్యారావు ఎదురుగా ఉన్న మనిషి తెలివిని చూడగలిగాడు. ఒకే ఉపాయం ఇద్దరి కళ్లకూ రెండు రకాల పరీక్ష పెట్టింది. ఇలా ఒకే పని రెండుసార్లు జరిగిన చోట్లు దొరికితే అస్సలు వదలొద్దు.

మనిషి వస్తువును దేనికి వాడుకుంటున్నాడో కూడా చూడండి. 'మృచ్ఛకటికం' 3వ అంకంలో శర్విలకుడు కన్నం వేయడానికి వచ్చి కొలతాడు మరిచిపోయి, జంధ్యంతోనే గోడ కొలుస్తాడు, పైగా దీని ఉపయోగాలు ఎన్నో అని మెచ్చుకుంటాడు. చదువు, కులం, పేదరికం, ప్రేమించిన దాన్ని విడిపించుకోవాలన్న తపన, అన్నీ ఆ దారంలో ఉన్నాయి. అదే నాటకంలో శకారుడు, రావణుడికి కుంతి చిక్కినట్టు నాకు చిక్కావని వసంతసేనతో అంటాడు. అతను రాజుగారి బావమరిది. ఎంత తప్పు వాగినా దండన లేని మనిషి ఎంత ప్రమాదమో, నవ్విస్తూనే ముందుగా చెప్పేశాడు కవి.

కావ్యాల్లో రంగస్థలం ఉండదు కాబట్టి సంభాషణలో ఎవరి మాటకు ఎవరు ఎలా జవాబిచ్చారో చూడాలి. పెద్దన 'మనుచరిత్ర'లో ప్రవరుడిని హిమాలయానికి చేర్చిన పాదలేపం, కాళ్లకు రాసుకున్న ఆ మహిమగల పూత, మంచుకు కరిగిపోయింది, ఇల్లు చేరే దారి లేదు. అప్సరస వరూధిని కనబడితే "ఎవ్వతె వీవు భీతహరిణేక్షణ" అని పలకరిస్తాడు. దారి తప్పిందీ బెదిరిందీ తాను, బెదురు చూపులంటున్నది ఆమెవి. "ఇంతలు కన్నులుండఁ దెరువెవ్వరి వేఁడెదు", ఇంతేసి కళ్లుండగా దారి ఎవరినడుగుతున్నావు, అని ఆమె ఆ కళ్ల మాటను అతనికే తిప్పికొడుతుంది. ఈ ఒక్క సవాలు జవాబుల్లోనే ఎవరిది పైచేయో తేలిపోయింది.

మీ అభిప్రాయం రాసేటప్పుడు

ఒక వాక్యం రాయండి, అందులో ఒక వస్తువో మాటో, ఒక రంగం, ఒక మనిషి కోరిక, మూడూ ఉండాలి. "ఉంగరం విధికి సంకేతం" కాకుండా, "చివరి అంకంలో శకుంతల ఉంగరం తిరిగి తీసుకోకపోవడం చూస్తే, ఇక మీదట సాక్ష్యం అక్కర్లేని బంధం కావాలని ఆమె కోరుకుంటోందని నాకనిపిస్తుంది" అని. రెండోదాన్ని ఎవరైనా పుస్తకం తెరిచి ఒప్పుకోవచ్చు, కాదనొచ్చు. ఆ తర్వాత మీ వాక్యానికి అడ్డొచ్చే రంగం ఏదైనా ఉందేమో మీరే వెతకండి. దొరికితే దాచొద్దు, దానికి కూడా చోటిచ్చేలా వాక్యం మార్చండి.

రచనలోనే రెండు మాటలు పొసగనప్పుడు కవి మరిచిపోయాడని తీర్పు చెప్పకండి. ఒథెల్లో ఆ రుమాలు గురించి 3వ అంకంలో, ఈజిప్టు స్త్రీ ఒకామె మా అమ్మకిచ్చింది, దానిలో మంత్రశక్తి ఉంది అంటాడు. 5వ అంకంలో, మా నాన్న మా అమ్మకిచ్చిన పాత కానుక అంటాడు. ఏది నిజం అని తల పట్టుకునే బదులు, రెండు చోట్లా ఎదురుగా ఎవరున్నారో చూడండి. మొదటిసారి ఎదురుగా ఉన్నది భార్య, ఆమెను భయపెట్టాలి. రెండోసారి ఎదురుగా ఉన్నది ఆమె బంధువు గ్రాషియానో, మంచం మీద శవం ఉంది, తాను చేసింది న్యాయమేనని అతన్ని నమ్మించాలి. పట్టీలో మూడో గడి రెండుచోట్లా నింపి, పక్కపక్కన పెట్టుకుని 5వ అంకం మళ్లీ మొదటి నుంచి చదవండి.